ఎగిరే బర్రె, బ్యాడగి మిరపకాయలు

అత్తా,

మా ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకునే మనిషి ఒక్కరూ లేరు. సినిమా చూసి ఏడుస్తూ ఇంటికొస్తే, ప్రేమలో దెబ్బతిన్నానని తేల్చేశారు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అందుకే రాస్తున్నాను.

నేను ఏడ్చింది ఎగిరే బర్రె కోసం. చిన్నప్పుడు కన్నడ టీవీలో నీ పక్కన కూర్చుని చూసేదాన్ని కదా, ఆ కార్టూన్ బర్రె. పన్నెండేళ్ళకు దాని కొత్త సినిమా వచ్చింది. బర్రెకు కళ్ళజోడొచ్చింది, ఎగిరినప్పుడల్లా నడుం పట్టేస్తోంది. ఏడవక ఏం చేయను?

అమ్మ నమ్మలేదు. "ఇరవైమూడేండ్ల పిల్ల బర్రె కోసం ఏడుస్తాదా? ఎవుడే వాడు, యాడుంటాడు?" అంటూ మిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఎవరికీ దగ్గు రాలేదు. "చూడండి, రవ్వంత ఘాటు లేదు. ఎంత దిష్టి ఉండాదో!" అని నాయనకు చూపించింది.

అవి బ్యాడగి మిరపకాయలత్తా! వాటికి రంగే తప్ప ఘాటుండదని అంగట్లో రోజంతా గిరాకీలకు చెప్పేది నాయనే. ఆయనా తలూపి, "జల్దీ సంబంధం చూడల్ల" అని నీకు ఫోన్ చేశాడు.

ఆదివారం పదకొండింటికి కురుగోడు నుంచి పెళ్ళికొడుకు వాళ్ళను తీసుకొస్తున్నావట. అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ బర్రె సినిమా ఆఖరి ఆట ఆ రోజే, పొద్దున పదిన్నరకు.

నేను సినిమాకే పోతున్నాను.

నీ మేనకోడలు