ముందు గదికీ గుమ్మడికాయకీ సంబంధించి పలివెల కృపమ్మ వీలునామా

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, యానాం, మెట్టకూరు కాపురస్తురాలిని, ప్రభువు నందు నిద్రించిన పలివెల శాంతిరాజుగారి భార్యను, ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా చేసి రిటైరైనదానిని, వయసు డెబ్బై ఆరు, పలివెల కృపమ్మ అనే నేను స్థిరమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారి సర్టిఫికెట్టు జత చేశాను. ఆయన పరీక్షగా నన్ను పదిహేడో ఎక్కం అడిగారు, చెప్పాను. తరవాత నేను ఆయన్ని పంతొమ్మిదో ఎక్కం అడిగాను. సర్టిఫికెట్టు వెంటనే ఇచ్చేశారు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మా అబ్బాయి బెన్నీ మా ఇంటి ముందు గదిని మద్యం షాపుకి అద్దెకివ్వడానికి ఒకరితో మాట్లాడి వచ్చాడు. అదే గదిని అతని కూతురు, నా మనవరాలు అనూష, తన వ్యాపారానికి అడిగింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ నెల రోజులుగా ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకుంటున్నారు. గది ఎవరిదో తేల్చకుండా నేను పోతే, నా సమాధి మీద నిలబడి కూడా నా ద్వారానే మాట్లాడుకుంటారు. కనుక తేలుస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నాతో కలిసి పనిచేసిన తెలుగు మాస్టారు ఉమామహేశ్వరంగారికి అప్పగిస్తున్నాను. ఆయన ఖచ్చితమైన మనిషి. నాతో స్టాఫ్‌రూములో గడియారం విషయం తప్ప ఇంక దేనికీ గొడవపడలేదు, ఆ గొడవలో కూడా గడియారమే తప్పు. ఒక్క షరతు: అమలు జరపడమే ఆయన పని, నా వాక్యాలు దిద్దడం కాదు.

2. నా జీతం మిగులుతో నేను కట్టించుకున్న స్వార్జితమైన ఇంట్లో, ముందు గది మినహా మిగతా భాగమంతా, పెరడూ కొబ్బరిచెట్లూ సహా, నా తదనంతరం మా అబ్బాయి బెన్నీకి సర్వహక్కులతో చెందాలి. వాళ్ళ నాన్నగారి చేతి గడియారం కూడా. బెన్నీ చెడ్డవాడు కాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. ఎప్పుడు ఏం జరుగుతుందో చెప్పలేమమ్మా అని ఇరవై ఏళ్ళుగా నన్ను రోజూ భయపెడుతున్నాడు. ఏమీ జరగలేదు. ఇప్పుడు ఈ కాగితం చదువుతున్నాడంటే జరిగిందన్నమాట. సంతోషించు నాయనా, నీ మాటే నెగ్గింది.

3. పై ఇంట్లో రోడ్డు వైపున్న ముందు గది, దాని అరుగూ, కిటికీ రేకూ, నా మనవరాలు పలివెల అనూషకు చెందాలి. దీనికి కారణాలు వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే బెన్నీ తప్పకుండా అడుగుతాడు, జవాబు చెప్పడానికి నేనుండను.

అనూష బీబీఏ చదివింది. చేరతానన్నప్పుడు ఇంట్లో పెద్ద రభస. బెన్నీ అన్నాడు, "వ్యాపారం నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకమ్మా? చేపల మార్కెట్లో వారం రోజులు కూర్చోబెడితే సరిపోదూ?" అని. దాని అన్న ప్రవీణ్ బీటెక్ చదువుతున్నాడు కనుక ఆకాశం నుంచి మాట్లాడాడు. నేను ఫీజు కట్టి, కట్టాను కనుక దాని పుస్తకాలన్నీ చదివాను. నేను నలభై ఏళ్ళు నిష్పత్తులని చెప్పినదాన్నే వాళ్ళు రంగుబొమ్మలు వేసి చెబుతున్నారు. తప్పేం లేదు. నేను బొమ్మలు వేసి ఉంటే బెన్నీకి లెక్కలు వచ్చి ఉండేవి.

ఐదో సెమిస్టర్లో ఆ పిల్లలు ఏదో ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి రిపోర్టు రాయాలి. తోటి పిల్లలు కాకినాడలో కార్ల షోరూముల్లో ఏసీ కింద కూర్చున్నారు. అనూషకి ఎక్కడా దొరకలేదు. నేను పాస్టరుగారిని అడిగి మా సంఘం కోత పండుగ వేలానికి ఇంటర్న్‌గా పెట్టించాను. ఇంటర్న్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. ప్రార్థన చేసి ఒప్పుకున్నారు.

రిజిస్ట్రారు ఆఫీసువారికి మా పద్ధతి తెలియకపోవచ్చు. కోత పండుగనాడు ప్రతి ఇంటివాళ్ళూ మొదటి పంటో, కోడో, కొబ్బరికాయలో, గంపెడు పీతలో తెచ్చి కానుక పెడతారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువు ఇంటికి పట్టుకుపోకుండా, "మళ్ళీ పాటలో పెట్టండి" అని తిరిగి ఇచ్చేస్తాడు. అలా ఒకే కోడి సాయంత్రం దాకా పది ఇళ్ళవాళ్ళకి అమ్ముడుపోతుంది. డబ్బు సంఘానిది, ఘనత ఇచ్చినవాళ్ళది, ఆఖరికి కోడి ఎవరింట్లో చుట్టాలుంటే వాళ్ళది.

ఈ సంగతి అనూషకి తెలియదు. ఆరో తరగతి నుంచీ హాస్టల్లో ఉన్న పిల్ల. కోత పండుగ ప్రతి ఏడూ దాని పరీక్షల్లో పడేది. మాకెవరికీ చెప్పాలని తోచలేదు. గాలి పీల్చడం ఎలాగో ఎవరైనా చెబుతారా?

కిందటి కోత పండుగకి వేలం డబ్బూ లెక్కపుస్తకమూ అనూషకి అప్పగించారు. మొదటి గుమ్మడికాయని మా సంఘపెద్ద అప్పారావుగారు పాడుకున్నారు. డబ్బు కట్టి, కండువా సర్దుకుని, అందరికీ వినబడేలా "మళ్ళీ పాటలో పెట్టండి" అన్నారు. అనూష చటుక్కున లేచి, "అయ్యో, కాయ బాగాలేదా తాతగారూ? ఏం పర్వాలేదండీ" అని, ఆయన కట్టిన డబ్బంతా ఆయన చేతిలోనే పెట్టి, చేతులు జోడించి క్షమాపణ చెప్పింది. పుస్తకంలో "వాపసు, కారణం: కస్టమర్ అసంతృప్తి" అని రాసుకుంది. అప్పారావుగారికి నోట మాట రాలేదు. ఆయన అంతకుముందు ఎప్పుడూ మాట్లాడకుండా ఉన్నది లేదు కనుక మేమంతా ఆయన వైపే చూస్తూండిపోయాం. ఈలోగా అది, వాళ్ళూ నచ్చకే ఇచ్చేశారనుకుని, అంతకుముందు కోడి ఇచ్చేసినవాళ్ళనీ, కొబ్బరికాయలు ఇచ్చేసినవాళ్ళనీ పేరుపేరునా పిలిచి డబ్బు వాపసు చేసేసింది. కానుకలన్నీ బల్ల మీద, డబ్బంతా జనం చేతుల్లో. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో, చూడలేకో, ఆయనే చెప్పాలి.

అప్పుడు అప్పారావుగారికి మాట వచ్చింది. "టీచరమ్మగారూ! దేవుడికిచ్చింది వెనక్కి పుచ్చుకున్న మనిషినని రేపు పక్కనున్న కనకాలపేటలో అనుకోరా? నా మొహం ఎక్కడ పెట్టుకోనూ?" అని ఆవరణంతా అదిరిపోయేలా అరిచారు. అనూష మొహం సున్నం కొట్టినట్టయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఈ గది విషయం వేరేగా రాసేదాన్నేమో.

అది మైకు అందుకుంది. "ఈ గుమ్మడికాయ అప్పారావు తాతగారు దేవుడికి ఇచ్చేశారు. తెలియనిది నాకు. ఆయన పాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను, అంతకు తక్కువ పాడితే ఆయన్ని చిన్నబుచ్చినట్టే. ఇందాకటి నుంచి చూస్తున్నాను, కనకాలపేటవాళ్ళు ఒక్కరూ చెయ్యెత్తలేదు. కాయ బరువని భయమా అండీ?" అంది. జనం గొల్లుమన్నారు. కనకాలపేటవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. అది చూసి ఇటుపక్క అగ్రహారంవాళ్ళవి రెండు లేచాయి. వాపసు పుచ్చుకున్నవాళ్ళంతా ముందు ఆ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టి, పైన కొత్తగా పాడారు. అప్పారావుగారు అదే కాయని మళ్ళీ రెండుసార్లు పాడుకుని, రెండుసార్లూ ఇచ్చేసి, పొద్దుగూకే వేళకి చెమటతో, నవ్వుమొహంతో ఇంటికెళ్ళారు. కాయ చివరికి నేనే పాడుకున్నాను. మా ఇంట్లో చుట్టాలెవరూ లేరు. నాకే కావాలనిపించింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావే అని తరవాత అడిగాను. "వాపసు ఇవ్వడం నాలుగో సెమిస్టర్ మామ్మా. కోపమొచ్చిన కస్టమర్ని నలుగురిలో పేరుపెట్టి గౌరవించడం మూడో సెమిస్టర్" అంది. అంటే ఆ చదువే ముంచింది, ఆ చదువే ఒడ్డున పడేసింది. ఇంతకంటే ఏ చదువు మాత్రం ఏం చేస్తుంది?

దాని రిపోర్టు మీద వైవాకి బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, ఈ వస్తువు జీవితచక్రం ఏమిటని అడిగాడట. దప్పళం అయ్యేదాకా అమ్ముడవుతూనే ఉంటుంది సార్ అని చెప్పిందట. మంచి మార్కులే వేశాడు.

ఆ తరవాత ప్లేస్‌మెంట్ అని విశాఖపట్నం తీసుకెళ్ళి ఒక పెద్ద షాపుల భవనంలో క్రెడిట్ కార్డుల బల్ల పక్కన నిలబెట్టారు. దాన్ని చూసి జనం దారి మార్చుకుని పోయేవారట. నెల తిరక్కుండా వచ్చేసింది. బెన్నీ "మూడేళ్ళ చదువు గోదాట్లో కలిసింది" అన్నాడు. గోదావరి నుంచే మా యానాంలో సగం మంది అన్నం తింటున్నారని గుర్తు చేస్తున్నాను.

ఇప్పుడు అది ఎండుచేపలు, ఎండురొయ్యలు, రొయ్యల పచ్చడి చక్కగా ప్యాక్ చేసి ఊళ్ళకి పంపే వ్యాపారం పెడతానంటోంది. మనవరాలు కదా అని గది ఇవ్వడం లేదు. ఇంటర్వ్యూ చేశాను. లాప్‌టాప్ తెచ్చి స్లైడ్లు చూపించింది. మొదటి ఆరు స్లైడ్లలో చేప కనబడలేదు. ఈ వాసన నా పడకగదిలోకి వస్తుందా రాదా అని అడిగాను. దానికి స్లైడు లేదు. పంపించేశాను. మళ్ళీ ఆదివారానికి ఎగ్జాస్ట్ ఫ్యాను ఎక్కడ పెట్టాలో గోడ మీద సుద్దతో గీసింది. సీలు వేసిన ఎండురొయ్యల ప్యాకెట్టొకటి నా దిండు పక్కన పెట్టి, వాసన వస్తే చెప్పు మామ్మా అని వెళ్ళిపోయింది. వారం రోజులు దాని పక్కనే పడుకున్నాను. రాలేదు. పిల్లి కూడా పట్టించుకోలేదు. గది ఇస్తున్నాను.

గదికి షరతులు ఇవి. మద్యం షాపుకి ఎన్నడూ ఇవ్వకూడదు. పెట్రోలూ మందూ చవకని వంతెన దాటి వచ్చేవాళ్ళు మా ఊరికి ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు, నా అరుగు మీద కూర్చోనక్కర్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాకే తలుపు తియ్యాలి. చుట్టాలకి అరువు లేదు, వాళ్ళ నాన్నకి అసలే లేదు. వ్యాపారం దెబ్బతింటే మూసి, మళ్ళీ తెరవవచ్చు. రెండోసారీ మూతపడితే ఉద్యోగం వెతుక్కోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. గది మాత్రం అప్పుడూ దానిదే. ఇంకో పని మొదలుపెట్టడానికి గది ఉండాలి కదా.

4. నా మనవడు ప్రవీణ్‌కి నా వృత్తలేఖిని పెట్టె. "బీబీఏ అంటే సీటు రానివాళ్ళ చదువు" అని నా భోజనాల బల్ల దగ్గర అన్నాడు. వాడికి ఇంకా మూడు పేపర్లు మిగిలి ఉన్నాయని ఈ సందర్భంగా రికార్డు చేస్తున్నాను. పెట్టెలో ముల్లు జాగ్రత్త, పదునుగా ఉంటుంది.

5. బ్యాంకులో ఉన్న సొమ్ములో నా భూస్థాపన ఖర్చులు పోగా మిగిలినదంతా నా కోడలు ఎస్తేర్‌రాణికి, ఆమె ఒక్కదాని పేరు మీదే చెందాలి. బెన్నీ దాంతో పాలసీ కట్టించరాదు. నాకు మోకాళ్ళు పనిచెయ్యని రెండేళ్ళూ నా కాఫీలో పంచదార ఎంతో ఆమె ఒక్కనాడూ మళ్ళీ అడగలేదు. ఒక్కనాడూ తప్పు కాలేదు. నేను జీవితంలో ఎవరికీ నూటికి నూరు వెయ్యలేదు. ఆమెకి వేస్తున్నాను.

6. పక్కింటి తెరేసాకి నా పులుసు దాక. ఆమె క్యాథలిక్కు, నేను ప్రొటెస్టెంటు. ఎవరి దారి సరైనదో నలభై ఏళ్ళుగా గోడకి అటూ ఇటూ నిలబడి వాదించుకున్నాం. పులస దొరికిన రోజున మాత్రం ఒకే దాకలో వండుకున్నాం. ఇప్పుడు ఎవరు గెలిచారో నాకు తెలిసిపోయి ఉంటుంది. తెరేసా వచ్చాక చెబుతాను, తొందరేమీ లేదు.

7. సంఘపెద్ద అప్పారావుగారికి, ఆ గుమ్మడికాయ గింజలు. కాయ కోసిన రోజునే కడిగి, ఎండబెట్టి, సీసాలో పోసి ఉంచాను. ఆ రోజు నవ్వుతూ వెళ్ళినా, తెల్లారేసరికి పరువు గుర్తొచ్చి, నా మనవరాలిని వేలం నుంచి తీసెయ్యమని ఆయన వారం రోజులు పాస్టరుగారి గుమ్మం తొక్కారు. ఎనిమిదో రోజున, వచ్చే ఏడు కూడా ఆ పిల్లనే పెట్టమని తొక్కారు. రెండూ నాకు తెలుసు. గింజలు వేసుకుని మొదటి కాయ చర్చికి తేవాలి. ఈ పత్రానికి సాక్షి సంతకం తానే పెడతానని ఆయన మూడుసార్లు కబురు చేశారు. ఆస్తి పొందేవారు సాక్షిగా ఉండకూడదు. గింజలైనా ఆస్తే.

8. ఇక నా పేము కుర్చీ. బెన్నీ అడిగాడు, చిన్నప్పుడు దాని కిందే ఆడుకున్నానని. ప్రవీణ్ అడిగాడు, పాత సామాన్లకి గిరాకీ ఉందని. అప్పారావుగారు అడగలేదు గానీ వచ్చినప్పుడల్లా అందులోనే కూర్చుని లేవరు. అనూష అడగలేదు. కనుక ఆ కుర్చీని ఎవరికీ రాయడం లేదు. నేను పోయాక వచ్చే మొదటి కోత పండుగకి దాన్ని చర్చి ఆవరణలో వేలం వెయ్యాలి. వేలం అనూషే నడపాలి.

అనూషా, ఇది నీకు మామ్మ ఇచ్చే ఆఖరి పాఠం, పరీక్షలో రాదు. ఎవరైనా "మళ్ళీ పాటలో పెట్టండి" అంటే డబ్బు వాపసు ఇవ్వకు. నేను పైనుంచి చూస్తుంటానని అనుకోకు, అక్కడ నాకు వేరే పనులుంటాయి. గొంతు వణికితే వణకనీ, జనం మన్నిస్తారు. కానీ "మూడోసారి" అనే ముందు ఒక్క క్షణం ఆగు. ఆ క్షణంలోనే కనకాలపేటవాళ్ళు చెయ్యెత్తుతారు.

పైన రాసినదంతా నేనే రాసి, రెండుసార్లు చదివి, సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

యానాం, మెట్టకూరు
2025 ఆగస్టు 11, సోమవారం

(సంతకం) పలివెల కృపమ్మ

సాక్షులు:
1. వెంకటరాజు, రిటైర్డు పోస్టుమాన్, మెట్టకూరు. నా దగ్గర చదివినవాడు.
2. శ్రావణి, స్టాఫ్ నర్సు, అగ్రహారం. నా దగ్గర చదవలేదు, అయినా సంతకం గుండ్రంగా ఉంది.