తల ఊపే ముందు

తమ్ముడు వెస్లీకి,

జులై రెండోవారం రోడియోకి, ఆ గుర్రాల, కోడెల పోటీలకి, మనవాళ్లంతా వస్తున్నారు. ఎప్పట్లాగే ఏటి ఒడ్డున గుడారాలు వేస్తాం. లొరీన్ అత్తయ్య అప్పుడే మొదలుపెట్టింది: "వాడొస్తేనే పీచ్ కేకు చేస్తా. లేకపోతే మీ మొహాలకి ఉడికించిన చిక్కుడుగింజలు చాలు."

ఇద్దరు కలిసి కోడెను తాళ్లతో పట్టే పోటీకి నా పేరు పక్కన నీ పేరూ రాయించాను. కోప్పడకు. నువ్వు వెళ్లిన ఈ ఏడేళ్లుగా తెల్లవారుజామున ఒకటే కల వస్తోంది. నేను కోడె కొమ్ములకి తాడు వేసి ఎడమకి తిప్పుతాను. దుమ్ము లేచి బంగారు రంగులో అలాగే నిలిచిపోతుంది. వెనక కాళ్లు పట్టడానికి నీ గుర్రం వస్తున్న చప్పుడు దగ్గరవుతూనే ఉంటుంది, ఎంతకీ చేరదు.

వెళ్లేరోజు నువ్వన్నావు: "కోడెను వదిలే గేటు తీయమని నీ పాటికి నువ్వు తల ఊపేస్తావు. నేను సిద్ధంగా ఉన్నానో లేదో ఒక్కసారైనా నా వంక చూశావా అక్కా?"

చూడలేదురా. ఉంటావులే అనుకునేదాన్ని. నాన్న గుర్రాల్ని నేను అమ్మేసినప్పుడూ నిన్ను అడగకపోవడానికి కారణం అదే.

ఈసారి కుడివైపు, నీ గుర్రం నిలిచే చోటుకేసి చూస్తాను. నువ్వు ఊపాకే నేను తల ఊపుతాను. అందాకా జనం కేకలు వేస్తే వేయనీ.

అక్క