కమానుకి ఇంకో పట్టీ

కానింగ్ వేల్, మంగళవారం

ప్రసూనా,

మీ అక్క, తన పాప కులాసానా? ఫోన్‌లో నీ గొంతు వింటే నిజం చెప్పలేను, అందుకే టార్నీట్‌లో వాళ్ళ దగ్గర ఉన్న నీకు ఈమెయిల్ రాస్తున్నాను. పూర్తిగా చదివాక తిట్టు.

లారీ కొన్నప్పుడు షోరూం అతను నేను మోయించాల్సిన పొక్లెయిన్ బరువెంతని అడిగాడు. పద్నాలుగు టన్నులన్నాను. ఈ బండి వద్దు, దీని బ్రేకులు పది టన్నులకే అని ప్లేటు చూపించాడు. లోపల నవ్వుకున్నాను. ఉయ్యూరులో నాన్న లారీల మధ్య పెరిగినవాణ్ణి, ప్లేటు మీద అంకె కాగితాల కోసమేనని నా నమ్మకం. నీకు మాత్రం సరిపోయే బండే అని చెప్పాను. షెడ్డులో నేనే వెనక చక్రాల మీద బరువు మోసే కమానుకి ఇంకో ఇనప పట్టీ బిగించాను. బండి కుంగలేదు. కుంగకపోతే మోసినట్టే అనుకున్నాను, అంత తెలివి నాది.

నిన్న పొక్లెయిన్‌తో కొండ దిగుతుంటే బ్రేకులు వేడెక్కి పొగొచ్చింది. ఎంత తొక్కినా పట్టలేదు. ముందు స్కూలు బస్సు. రోడ్డు పక్క బ్రేకు పట్టని బళ్ళ కోసమే కంకర పోసి ఉంచుతారు, అందులోకి తిప్పాను. ఆగింది. నా చెయ్యి బెణికింది. బస్సు వెనక సీట్లోంచి ఒక పిల్ల నాకు టాటా చెప్పింది ప్రసూనా, ఏడుపాగలేదు.

రేపు పొక్లెయిన్ గనికి చేరకపోతే కాంట్రాక్టు పోతుంది. పెద్ద బండి అద్దెకి ఎక్కడా దొరకలేదు. "నేను తోల్తా బావా, నువ్వు స్పీడ్‌లో దిగుంటావ్, లో గేర్‌లో అయితే నో వర్రీస్" అంటున్నాడు మీ తమ్ముడు అఖిల్. వాడికి పట్టీ సంగతి తెలీదు. నేనూ చెప్పలేదు. బ్రేకులు చల్లారాక మామూలుగానే పడుతున్నాయని నాకు నేను చెప్పుకుంటున్నాను. పొద్దున ఆరింటికి వాడికి తాళం ఇస్తానన్నాను. నాకింకో దారి కనపడటం లేదు.

భాను


టార్నీట్, మంగళవారం సాయంత్రం

ఏమండీ,

తిట్టను. పద్దెనిమిదేళ్ళుగా దాచిన మాట ఒకటి ఇప్పుడు చెప్పక తప్పదు.

మా నాన్న మీ నాన్నగారి లారీ తోలుతూ పోయాడు. నిద్రపోయి కాలవలో పడేశాడని ఊరంతా అంది, మామయ్యగారూ అదే అన్నారు. నాన్న నిద్రపోలేదండీ. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "చెరుకు లోడు ఎక్కువైందమ్మా, మొన్నే అయ్యగారు కమానుకి ఇంకో పట్టీ వేయించారు, గట్టు దిగుతుంటే బ్రేకు పట్టలేదు" అన్నాడు. మామయ్యగారంటే మీకు ప్రాణం. ఆయన పోయాక కూడా నోరు విప్పలేకపోయాను. విప్పి ఉంటే మీరు ఆ పట్టీ వేసేవారు కాదు. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

అప్పుడు అఖిల్‌కి ఆరేళ్ళు. ఇప్పుడే ఫోన్ చేసి వాడికి నాన్న సంగతీ, మీ పట్టీ సంగతీ అంతా చెప్పాను. "నాన్న సంగతి బావకి తెలుసా అక్కా?" అన్నాడు. తెలీదన్నాను.

లారీ రాదని కాంట్రాక్టు వాళ్ళకి నేనే చెప్పేశాను. పొద్దున ఆరింటికి అఖిల్ వస్తాడు. తాళం కోసం కాదు, బోల్టులు విప్పే పానాలు తీసుకుని వస్తాడు. ఆ పట్టీ ఇద్దరూ కలిసి తీయండి.

మీ ప్రసూన