యాదమ్మకు పెద్దవైన తొడుగులు

బుధవారం, రాత్రి

ఆఫీసు ఏసీకి నా వేళ్ళు కొంకర్లు పోతే, అడగకుండానే వేడినీళ్ళ గ్లాసు తెచ్చి చేతిలో పెడుతుంది హౌస్‌కీపింగ్ యాదమ్మ. అందుకే ఆమెకు వేళ్ళు బయటికుండే ఊలు చేతి తొడుగులు అల్లాను, ఎరుపూ తెలుపూ కలిపి. రెండు రంగులైతే లోపలివైపు సాగే దారం బిగుసుకుని తొడుగు ఇరుకవుతుందన్న భయంతో దాన్ని మరీ వదులుగా పోనిచ్చాను. ఇవాళ ఆమె తొడిగి చూస్తే జారిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, మా ఆయనకు సరిపోతయ్. గోపన్‌పల్లి నుంచి పొద్దుగాల చలిల బండి నడిపేది ఆయనే గదా!" అంది.

"మరి నీ చేతులో, యాదమ్మా?"

"ఎనక కూసుంట గదా. ఆయన జేబులల్ల పెట్టుకుంట."

ఇంటికొచ్చి ఆమె కొలతకి ఇంకో జత మొదలుపెట్టబోయి ఆగాను. ఆ జేబులు ఖాళీ చెయ్యడానికి నేనెవర్ని?