కేక వెయ్యని రోజు

చిరంజీవి పిడుగుకు,

నాన్న దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామని కలం పట్టుకున్నాను గానీ, మొదటి ముక్కే అబద్ధమవుతుంది. అందుకని ఇలా రాస్తున్నాను: మీ అమ్మా నేనూ బతికే ఉన్నాం, నువ్వు క్షేమంగా ఉండు. అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకు, వేళ్ళకు కట్లున్నాయి.

నీ ఉత్తరం అందింది. పోలీసు శిక్షణలో మీ ఫోన్లు లాక్కుని ఉత్తరాలే రాసుకోమనడం ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే ఈపాటికి ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకుని పెట్టేసేవాళ్ళం. కర్రసాములో మగపిల్లల్ని కూడా కింద పడేస్తున్నానని రాశావు. నా చేతులే వచ్చాయి నీకు, చాలా సంతోషం. నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను, మధ్యలో చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

ప్రార్థన మందిరం పెద్దాయన పన్ను రాలగొట్టావట, నిజమేనా అని అడిగావు. నిజమే. ఒకటి రాలింది, పక్కది ఊగుతోంది. మీ పిన్ని నీకు ఎన్ని కలిపి రాసిందో గానీ అసలు జరిగింది ఇది. మీ అమ్మ రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారని నీకు తెలుసు కదా. ఫలితం వచ్చింది. క్యాన్సర్. "మొదట్లోనే దొరికింది, భయపడకండి. కానీ ఆలస్యం చేస్తే పాకుతుంది, వెంటనే తీసేద్దాం" అని డాక్టరమ్మ తేదీ కూడా ఇచ్చింది. ఇంటికొచ్చాక మీ అమ్మ తాపీగా "పెద్దాయన్ని ఒక్కమాట అడిగి చేయించుకుంటాను" అంది. కోయాల్సింది ఆయనా అని నేను టీ గ్లాసు గోడకేసి కొట్టాను. ఆమె చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్చేసి, చెప్పులేసుకుని మందిరానికి బయల్దేరింది. వెనకే నేనూ వెళ్ళాను.

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు గొణిగాడు. తర్వాత అంతమంది ముందు అన్నాడు గదా, "కత్తి దగ్గరికి తొందరపడకమ్మా. కొన్నాళ్ళు ప్రార్థనలో కూర్చో. నీ నమ్మకం ఎక్కడో సన్నగిల్లింది, అందుకే ఇది లేచింది."

జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా ఒక్క పూట ప్రార్థన మానని మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాడు! నా చెయ్యి నాకు చెప్పి లేవలేదు. ఆయన కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. ఇంకోటి వెయ్యబోతుంటే, కూల్చే పనిలో నా పక్కన సమ్మెట పట్టే బండోడు వెనక నుంచి నడుం పట్టుకుని బయటికి ఈడ్చాడు. "అన్నా, ముసలోడన్నా! చస్తాడన్నా!" అని వాడి గోల. చేసిన పనికి చింతిస్తున్నానని నీకు రాయమంది మీ అమ్మ. చింతించడం లేదు.

కానీ ఆ దెబ్బ వల్ల ఒరిగిందేమీ లేదు. మీ అమ్మ నాతో మాటలు తగ్గించింది, ఆయన చెప్పినట్టే ప్రార్థనలో కూర్చుంది. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ వచ్చింది, పోయింది. రోజూ అడిగేవాణ్ణి, బతిమాలేవాణ్ణి, అరిచేవాణ్ణి. "దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా" అని అదే జవాబు. ఆ గడ్డ ఆమె ఒంట్లో పెరుగుతుంటే నేను పక్కన కూర్చుని అన్నం తినాలి. ఎలా దిగుతుంది చెప్పు?

ఇంత గొడవ జరిగాక కూడా పాత మందిరం కూల్చే పని నీ చేతుల్లోనే ఉందా అని అడిగావు. ఉంది. గోడలు నెర్రెలిచ్చాయని వెనక వీధిలో కొత్తది కట్టుకుంటున్నారు. పాతది పడగొట్టే పని ముందే నాకు ఒప్పజెప్పారు. దెబ్బ తిన్న మర్నాడే పెద్దాయన ఉబ్బిన మూతితో మనింటికి వచ్చి, "మనసులో ఏమీ పెట్టుకోలేదు నాయనా, పని కానివ్వు" అని తాళం చేతిలో పెట్టి వెళ్ళాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

ఇక చివరిది. అమ్మ ఎందుకు రాయడం లేదు, పోయిన ఉత్తరం పిన్ని చేత ఎందుకు రాయించింది అని అడిగావు. ఇంతసేపూ ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతున్నాను. మీ అమ్మ కుడి భుజం ఎముక విరిగింది. పక్కటెముకలు చిట్లాయి. చేసింది నేనే.

నా పని పద్ధతి నీకు కొత్త కాదు. ఏ కట్టడం కూల్చినా, ఖాళీ అని తాళం వేసి ఇచ్చినా సరే, మొదటి దెబ్బకు ముందు గది గదికీ వెళ్ళి "పడగొడుతున్నాం! ఎవరున్నా బయటికి రండి!" అని కేక వేస్తాను. మొదట్లో బండోడు నవ్వేవాడు. ఒకసారి పాత గోదాములో తాగి పడుకున్నవాడు ఆ కేకకు కళ్ళు నులుముకుంటూ లేచొచ్చాక నోరు మూసుకున్నాడు. మీ అమ్మయితే నలుగురిలో గొప్పగా చెప్పుకునేది, మా ఆయన కేక వెయ్యందే గోడ మీద చెయ్యి కూడా వెయ్యడని.

ఆ రోజు పొద్దున్నే మళ్ళీ అడిగాను, ఇవాళైనా ఆసుపత్రికి వస్తావా అని. మళ్ళీ దేవుడి చిత్తమే అంది. "అయితే ఆ దేవుడి సంగతేంటో ఇవాళ తేల్చేస్తా" అని చెప్పులైనా వేసుకోకుండా బయటపడ్డాను. సామాను కొట్టుకెళ్ళి సమ్మెట తీసుకుని మందిరానికి వెళ్ళేసరికి పనివాళ్ళెవరూ ఇంకా రాలేదు. బెంచీలు ఎప్పుడో తీసేశారు. రోజూ ఆమె ఎటు తిరిగి దండం పెట్టుకునేదో ఆ గోడ ముందు నిలబడ్డాను. "ఉంటే ఆపు, ఏదీ, ఆపు చూద్దాం!" అన్నాను పైకి చూసి, పళ్ళబిగువున. కేక వెయ్యలేదమ్మా. ఎవడికోసం వెయ్యాలి అనుకున్నాను.

కొట్టాను. గోడను కొట్టినట్టు కాదు, మనిషిని చంపుతున్నట్టు కొట్టాను. ఒక్కో దెబ్బకూ లోలోపలే ఒక్కో తిట్టు. ఆమె మోకాళ్ళ నొప్పులకొకటి, ఆ పరీక్ష కాగితానికొకటి, ఆ ముసలాడి తియ్యటి మాటలకొకటి. సున్నం పెళ్ళలు మొహం మీద పడి చీరుకుపోతున్నా ఆగలేదు. మన పనిలో పైనుంచి కొద్దికొద్దిగా దింపుకుంటూ రావాలి. నేను అడుగున కొట్టాను. గోడ మొత్తం అవతలి వైపు, ప్రార్థన చాపలు దాచే చిన్న గది మీదికి ఒరిగిపోయింది. దుమ్ములోంచి మీ అమ్మ గొంతు వినపడింది.

మందిరం ఊడ్చేది ఆమే కదా, వెనక తలుపు తాళం చెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది. పని మొదలయ్యేలోపు చివరిసారి ఆ గదిలో కాసేపు కూర్చుని పోదామని నాకంటే ముందే అడ్డదారిన వచ్చేసింది.

సమ్మెట ఎక్కడ విసిరానో తెలియదు. చేతులతోనే తవ్వాను. ఇటుకలు, పెచ్చులు, పగిలిన కిటికీ చట్రం, ఏది దొరికితే అది లాగి అవతల పారేశాను. ముందు ఆమె ఎడమచెయ్యి కనపడింది. ఆ చెయ్యి ఊరికే లేదు, లోపలి నుంచి ఇటుకల్ని గోకుతోంది, పెరుకుతోంది, గోళ్ళు లేచిపోయి రక్తం కారుతోంది. "ఒరేయ్, చచ్చిపోతున్నాన్రా! తియ్యరా ముందు!" అని అరుస్తోంది. పెళ్ళయ్యాక మీ అమ్మ నన్ను ఒరేయ్ అనడం అదే మొదలు. బయటికి లాగగానే ఆ నెత్తుటి చేత్తోనే నా చెంప ఛెళ్ళుమనిపించింది. ఇంకో నాలుగు తగిలించినా నిలబడి తినేవాణ్ణి.

ఆసుపత్రికి వెళ్ళే బండిలో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని, "దెబ్బలు వినపడలేదా? ఎందుకు బయటికి రాలేదే?" అని అడిగాను.

"వినపడ్డాయి. నువ్వు కేక వెయ్యలేదుగా. వెనక వీధిలో కొత్త మందిరం పని అనుకుని కళ్ళు కూడా తెరవలేదు" అంది.

పిడుగూ, రేపు యూనిఫాం వేసుకునేదానివి నువ్వు. దీనికి మీ పుస్తకాల్లో ఏ శిక్ష ఉందో చూసి చెప్పు, పడతాను. ఇక్కడ డాక్టర్లు అడిగితే కూడా ఉన్నదున్నట్టే చెప్పాను.

మర్నాడు పెద్దాయన ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "చూశావా తల్లీ, దేవుడు ఎలా కాపాడాడో! ఇంకేం భయం లేదు, అదే నమ్మకంతో ప్రార్థనలో ఉండు" అన్నాడు. నేను పిడికిళ్ళు బిగించి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాను.

మీ అమ్మ అంది: "కాపాడాడు, కాదనను అయ్యా. కానీ ఆ ఇటుకల కింద నేను దేవుడా, నీ చిత్తం అని పడుకోలేదు. గోళ్ళూడిపోయేలా పెరికాను. మరి ఈ గడ్డ కింద మాత్రం ఎందుకు పడుకోవాలి? నేను ఆపరేషన్ చేయించుకుంటా. మీరు ప్రార్థన చెయ్యండి, నేనూ చేసుకుంటా."

ఆయన నా వంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మొన్న డాక్టరమ్మ కూడా వచ్చి చూసింది. గడ్డ ఎడమవైపు కాబట్టి ఎముక అతికేదాకా ఆగనక్కర్లేదట, పై వారం చివర్లో చేసేద్దామంది. మీ అమ్మ ఎడమచేత్తో సంతకం గీసింది.

ఆ రోజు ఆయన వెళ్ళాక మీ అమ్మతో అన్నాను, నాకు ఆ దేవుడి మీద కోపం పోలేదని. "నాకు మాత్రం లేదనుకున్నావా?" అంది. ఆ మాట ఆమె నోట వింటానని కల్లో కూడా అనుకోలేదు. మరి రోజూ దండాలెందుకే అంటే, "తిట్టాలన్నా ఎదురుగా కూర్చోవాలి కదయ్యా" అని నవ్వబోయింది. పక్కటెముకలు పట్టేసి నవ్వు కాస్తా మూలుగయింది. నేను బయటికెళ్ళి వరండాలో ఏడ్చాను.

మీ అమ్మ నిన్ను రావద్దని రాయమంది. శిక్షణ మధ్యలో వదిలేసి వస్తే మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలట కదా. "దాని కష్టమంతా బూడిదలో పొయ్యకు, నేను బాగానే ఉన్నానని రాయి" అంటూ ఇందాకటి నుంచీ మంచం మీద నుంచి నా కలం వంకే చూస్తోంది. చూసినా చదవలేదు, కళ్ళజోడు గోడ కింద నుజ్జయింది. రావద్దనే రాశానని చెప్పాను.

వచ్చెయ్ తల్లీ. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
మీ నాన్న