బట్టమేక పిట్ట గుడ్డు, అన్న నాగలి

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు చేన్లో జరిగింది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

వేరుశనగ చేను మధ్యలో నువ్వు పిట్టల కోసం దున్నకుండా వదిలిన గడ్డి బీడంటే అన్నకు ఎప్పుడూ కోపమే కదా. నిన్న వాన పడింది. పొద్దున్నే నాగలి కట్టి, "గడ్డి పెంచితే శెనక్కాయలు కాస్తాయా? ఈ తూరి ఒక్క పోచ గూడా మిగల్చను" అన్నాడు. నేను సద్ది తీసుకొని వెనకాలే పోయాను.

బీడులో మొదటి సాలు సగం కాకముందే గడ్డిలోంచి బట్టమేక పిట్ట లేచింది. మన మేకపోతంత ఎత్తుంది. రెక్కలు విప్పి, మెడ ఉబ్బించి నేరుగా ఎద్దుల మీదికే వచ్చింది. ఎద్దులు నాగలితో సహా పక్క చేన్లోకి పరిగెత్తాయి. అన్న వాటికంటే ముందున్నాడు.

"బెదిరింది ఎద్దులు, నేను కాదు" అన్నాడు ఆయాసపడుతూ. తలపాగా పిట్ట దగ్గరే పడిపోయింది. తెచ్చుకోమంటే, "పాతదేలే, ఆడ్నే ఉండనీ" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. ఏడాదిగా మేము ఆ నవ్వు వినలేదు.

సాయంత్రం అన్న ఒక్కడే పోయి దూరం నుంచి చూసొచ్చాడు. "ఒకటే గుడ్డు ఉండాది" అన్నాడు. ఊళ్లో మాత్రం బీడు కొంత ఎద్దుల మేతకు వదులుతున్నానని చెబుతున్నాడు.

అన్నం తింటూ మెల్లగా అడిగాడు: "గుడ్డుకు ఎంత దూరంలో నాయన మడక ఆపుతాండె?"

నాకు తెలియదు. అమ్మకూ తెలియదు. నువ్వున్నప్పుడు అడగాలని ఎవరికీ తోచలేదు.

రేపు గుడ్డు చుట్టూ ఇరవై అడుగులు వదిలి దున్నుతాడట. చాలుతుందా అన్నాను.

"సాలకుంటే ఆ పిట్టే చెప్తాదిలే" అన్నాడు.