బిల్లు లేని సీడీ

2007 జూన్ 8, శుక్రవారం. అరకు

సంతలో పేపరు మొత్తం అయిపోయింది. నాలుగు పేజీల జెరాక్స్ పేపరు. నేను రాస్తాను. సరళ కంపోజ్ చేస్తుంది, సంతలో పసుపు కొమ్ముల వరస పక్కన నిలబడి చదివి వినిపిస్తుంది. కొనేవాళ్ళకంటే వినేవాళ్ళు ఎక్కువ.

ఈ వారం లీడ్ సరళ వాళ్ళ ఊరి గెడ్డ మీద కల్వర్టు. రికార్డులో పూర్తయింది. బిల్లు పాసయింది. గెడ్డ దగ్గర ఒక్క సిమెంటు బస్తా లేదు. వానలు ముదిరితే బడిపిల్లలు నడుంలోతు నీళ్ళలో దాటాలి.

సరళ చదవడం ఆపగానే ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని, మా ఊరిది కూడా రాయించు గుంటా అంది.

జూన్ 11

కాంట్రాక్టరు సర్వేశ్వరరావు టీ కొట్టు దగ్గర కలిశాడు. కల్వర్టు ఊసే ఎత్తలేదు. మీ ల్యాప్‌టాప్‌లో విండోసుకి బిల్లుందా మేడమ్, ఈమధ్య పైరసీ కేసులు గట్టిగా పెడతన్నారంట, సూసుకోండి అన్నాడు. నా టీ కూడా తన ఖాతాలో రాయమన్నాడు. రాయనివ్వలేదు.

బిల్లు లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు షాపువాడు వేసిచ్చిన కాపీ ఎక్స్‌పీ. మనిషి నచ్చనంత మాత్రాన అతను చెప్పింది అబద్ధమైపోదు.

జూన్ 12

ఒరిజినల్ ఎక్స్‌పీ కొనాలంటే ఇంచుమించు ఇంకో పాత ల్యాప్‌టాప్ కొన్నట్టే. కొన్నా, 128 ఎంబీ ర్యామ్ మీద అది ఎలా పాకుతుందో రోజూ చూస్తున్నాను. కొత్తగా వచ్చిన విస్టాని ఈ మెషీన్ మొయ్యలేదు. విండోసుకి బదులు లైనక్స్ ఉంది. ఊరికే వస్తుంది, చట్టప్రకారమే.

పేపరు ఆపెయ్యడం ఇంకో దారి. సర్వేశ్వరరావుకి కావలసింది అదే. ఆ దారి కొట్టేశాను.

కొత్త సిస్టమ్ పడేదాకా సంచిక లేదు. దొంగ సాఫ్ట్‌వేర్‌తో దొంగ బిల్లు గురించి రాయను.

జూన్ 15, శుక్రవారం

పేపరు లేకుండా సంతకు వెళ్ళాం. పేపరమ్మ బెదిరిపోనాదేటి అని ఎవరో వెనకనుంచి అన్నారు. నువ్వు నీ పెళ్ళానికి బెదిరినంత కాదులే మావా అంది సరళ. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 19

పాత ఆఫీసు మిత్రుడు వంశీ విశాఖ నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి రెండు లైనక్స్ సీడీలు పంపాడు. మొదటిది పప్పీ. చాలా చిన్నది. ల్యాప్‌టాప్ పరిగెత్తింది. తెలుగు దగ్గర తడబడింది. అక్షరం ఒకచోట, వత్తు ఇంకోచోట. లోపం దానిదో, నా చేతకానితనమో తెలియదు. తెలుగు రాని వేగంతో నాకు పనిలేదు.

జూన్ 23

రెండోది జుబుంటు. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్ళ కోసం తెర మీద బొమ్మలు లేకుండా ఉత్త అక్షరాలతో ఇన్‌స్టాల్ అయ్యే రకం. బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది. కరెంటు పోయినప్పుడల్లా పని మళ్ళీ మొదటికి. మీ కంప్యూటరు కన్నా మా గెడ్డే నయం మేడమ్, ఓసారి దాటితే దాటినట్టే అంది సరళ.

జూన్ 24

జుబుంటు పడింది. తెలుగు సరిగ్గా కనబడుతోంది. నెమ్మదే, కానీ నడుస్తోంది.

నష్టం కూడా రాసుకోవాలి. పాత వార్తలన్నీ ముందే సీడీలోకి ఎక్కించాను. ఇక్కడ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా ఇంగ్లీషు చెత్త. పాత ఫాంట్ ఇక్కడ లేదు. కీబోర్డు వరస కూడా వేరు. కల్వర్టు ఫైలు మొత్తం మళ్ళీ కొట్టాలి. కొడతాలెండి, మొండిదానినని మా యమ్మ ఊరికే తిట్టిందేటి అంది సరళ.

జూన్ 29, శుక్రవారం

సంచిక వచ్చింది. కల్వర్టు, రెండో భాగం.

జూలై 4, సాయంత్రం

ఎస్సై వచ్చాడు, వెంట ఒక కానిస్టేబుల్. పైరసీ ఫిర్యాదు అందిందట. ఎవరిచ్చారో అడగలేదు. మర్యాదగానే మాట్లాడాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించాను. విండోస్ కాదని ఒప్పుకున్నాడు. దీని బిల్లేదీ అన్నాడు. ఫ్రీ అన్నాను. ఊరికే ఎవుడిస్తాడు మేడమ్, ఎక్కడో కొట్టుకొచ్చిందే అన్నాడు. లైసెన్సు ప్రింటవుట్ ఇచ్చాను. తిరగేసి చూసి, స్టాంపు లేదే అన్నాడు.

సరళ లేచింది. మా కాడ ఒకరి ఇల్లు ఊరంతా వచ్చి కప్పుతారు సార్, కూలి నేదు, అంబలి పోస్తే సాలు, ఇదీ అలాగ పదిమందీ కట్టిందే, ఆ ఇళ్ళకి బిల్లెక్కడుంటాది అని అడిగింది. ఇల్లు కంటికి కనబడతాది కదమ్మా అన్నాడు ఎస్సై. మా కల్వర్టుకి బిల్లుంది సార్, స్టాంపుతో సహా, ఎల్లి సూడండి, అది మీ కంటికి కనబడితే ఈ పెట్టె పట్టుకుపోండి అంది సరళ.

కానిస్టేబుల్‌కి దగ్గొచ్చింది. ఎస్సై నవ్వలేదు. పరీక్షకు పంపాలంటూ ల్యాప్‌టాప్ అప్పుడే పట్టుకెళ్ళాడు. రశీదు ఇచ్చాడు. ఆ మెషీన్ పేరిట నా దగ్గరున్న మొదటి కాగితం ఇదే.

జూలై 5

జుబుంటు సీడీ సరళ సంచిలో ఉంది. ఎన్ని మెషీన్లలోనైనా వేసుకోవచ్చని లైసెన్సులోనే రాసి ఉంది. ఫొటో స్టూడియో రత్నాలు దగ్గర మూలపడ్డ డెస్క్‌టాప్ ఒకటుంది. ఏసుకోండి గానీ నా పేరు రాయకండి, సర్వేశ్వరరావు కూతురి పెళ్ళి ఫొటోలు నేనే తియ్యాల అంది.

ఈసారి కరెంటు పోలేదు.

జూలై 13, శుక్రవారం

సంచిక వచ్చింది. మొదటి పేజీలో రెండు ఫొటోలు. పోలీసు రశీదు, పక్కన కల్వర్టు లేని గెడ్డ. సరళ చదువుతోంది.

రెండు రోజులుగా ఇక్కడ చినుకు లేదు. పైన కొండల్లో పడుతోంది. జనం వెనక ఎస్సై నిలబడి ఉన్నాడు, మఫ్టీలో. నడుందాకా తడిసి ఉన్నాడు.